పదును తగ్గింది పాటలోనా, చెవిలోనా

కరోనా రెండో విడత తగ్గి, ఆగిపోయిన వైద్య పరీక్షలు మళ్లీ మొదలైన చలికాలంలో నన్ను మందమర్రి వైపు నుంచి గోదావరిఖనిలోని బొగ్గు గనుల కంపెనీ ఆస్పత్రికి ఆడియాలజిస్టుగా బదిలీ చేశారు. ఆడియాలజిస్టు డాక్టరు కాదు. చెవి ఎంతవరకు వింటున్నదో కొలిచి, ఆ కొలతను చెవి డాక్టరు ముందు పెట్టే మనిషి. గనిలో పనిచేసే ప్రతి ఒక్కరూ కొన్నేళ్లకోసారి తప్పనిసరి వైద్య పరీక్షకు రావాలి. కళ్లు, ఊపిరితిత్తులు, రక్తపోటు అన్నీ అయ్యాక చివరికి నా గదికి పంపేవారు.

పరీక్ష చూడటానికి తేలిక. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తాం. కూత వినపడితే నొక్కాలి. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవారికి చేయం. గని హోరుకు అలసిన చెవి సరిగా చెప్పదు కనుక విశ్రాంతి తీసుకుని రమ్మంటాం. ఈ గదిలో రెండు రకాల అబద్ధాలు ఎదురవుతాయి. సర్ఫేస్ మీద, అంటే గని బయట, పని కోరుకునేవారిలో కొందరు వినపడినా నొక్కరు. కిందికి దిగడం మానలేనివారు వినపడకపోయినా నొక్కుతారు.

శామ్యూల్ రెండో రకం. భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్, యాభై దాటినవాడు. తాత నాటి నుంచి వాళ్లది గని కుటుంబం. లావు కూతలు, అంటే మంద్రంగా ఉండేవి, ఇచ్చినంతసేపూ చక్కగా నొక్కాడు. సన్నని కూతల దగ్గరికి వచ్చేసరికి కూడా ఒక్కటీ తప్పలేదు. ఆ వయసు గని మనిషికి అంత మంచి చెవి నేను చూడలేదు. అనుమానం వచ్చి ఈసారి కూత ఇవ్వకుండా ఊరుకున్నాను. నిశ్శబ్దంలోనే బటన్ నొక్కాడు. మళ్లీ ఆగాను. మళ్లీ, సరిగ్గా అంతే ఎడంతో నొక్కాడు.

తలుపు తీసి, "శామ్యూల్ గారూ, మీరు వింటున్నారా, తాళం వేస్తున్నారా?" అని అడిగాను.

ఆయన తల దించుకుని నవ్వాడు. "గిటారు వాయించిన చెయ్యి మేడం. మీరు ఎప్పుడు సౌండ్ ఇస్తరో అందాజ దొరుకుతది."

కూతల మధ్య ఎడం మారుస్తూ పరీక్ష మళ్లీ చేశాను. ఆడియోగ్రామ్, అంటే వినికిడి గీత, ఈసారి నిజం చెప్పింది. లావు శబ్దాల దగ్గర తిన్నగా నడిచి, సన్న శబ్దాల దగ్గర బావిలోకి దిగినట్టు దిగిపోయింది. ఏళ్ల తరబడి డ్రిల్లుల, ఫ్యాన్ల హోరులో పనిచేసిన చెవి చేసే గీత అది. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని, స, ష, ట లాంటి అక్షరాలు జారిపోతాయి.

గీత చూపించి విషయం చెప్పాను. ఆయన కిందికి దిగే డ్యూటీ గురించి అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"డ్యూటీ సంగతి ఏమయితే అది అయితది. మా బిడ్డ ఎస్తేర్‌కు మాత్రం చెప్పకుండ్రి" అన్నాడు.

పరీక్ష ఫలితం ఆయన అనుమతి లేనిదే ఇంట్లోవాళ్లకు చెప్పబోమని చెప్పి, ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పాడు. చర్చిలో గిటారు నేర్చుకున్నాడట. జ్యోతినగర్‌లో ఉండే ఒక ఇంజనీరుగారి అబ్బాయి హైదరాబాద్ నుంచి తెచ్చిన క్యాసెట్ల వల్ల హెవీ మెటల్ సంగీతం రుచి తగిలింది. హెవీ మెటల్ అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. "గిటారు గొంతు చించుకుని ఒర్రినట్టు ఉంటది మేడం. కానీ లోపట లెక్క తప్పది" అన్నాడు. ముగ్గురు స్నేహితులతో బ్యాండ్ కట్టాడు. పెళ్లిళ్లయ్యాక ఒకరు బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు నడపడానికి పోతే, మరొకరు గల్ఫ్ వెళ్లారు. బ్యాండ్ ఆగిపోయింది. చిన్నప్పుడు ఎస్తేర్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆమె వేళ్లను తీగల మీద పెట్టి నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆమెకు సొంత బ్యాండ్ ఉంది. ఆయన దాన్ని వినడం మానేశాడు.

"మెటల్ అప్పుడే సచ్చిపోయింది మేడం. గిప్పటోళ్లు తీగలు వదులు చేసి ఎంత లావుగ వాయిస్తె అంత గొప్ప అనుకుంటున్నరు. మా బిడ్డకు గదే చెప్తున్న. ఆమె ఏమో, అది సావలేదు డాడీ, నడుచుకుంట వేరే తొవ్వల పోయింది, నువ్వే వస్తలేవు అంటది. ఇద్దరికీ మాట పడ్తలేదు. గిది తెలిస్తె ఇగ నా మాటకు ఇలువ ఉండది."

నాకు సంగీతం రాదు. ఎదురుగా ఉన్న గీత వచ్చు. అందుకని ఒక్క సంగతి అడిగాను. ఆమె పాటలో సరిగ్గా ఏది బాగుండదు?

"డ్రమ్ముల కాడి ఇత్తడి తాళాలు, సింబల్స్, గుడ్డ మీద కొట్టినట్టు ఉంటయి. గిటారుకు అంచు లేదు. అంత బురదబురద."

"మీ పాత క్యాసెట్లు ఈ మధ్య విన్నారా?"

"ఇన్న. అవి గూడ గట్లనే అయినయి. టేపులు పాతగయినయి కదా..." అంటూ ఆగిపోయాడు.

గీత పడిపోయిన చోటు మీద వేలు పెట్టాడు. సింబల్ మోత, తీగను గీటినప్పటి అంచు, సరిగ్గా అక్కడే ఉంటాయి. నేను ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

"అంటే ఇన్నేండ్ల సంది నా బిడ్డను ఉత్తగనే అంటున్ననా?"

ఆ పాట మంచిదో కాదో ఆడియోగ్రామ్ చెప్పదు. మీకు అందులో సగమే చేరుతున్నదని మాత్రం చెబుతుంది. అంతే చెప్పాను.

ఫలితం మెడికల్ బోర్డుకు వెళ్లింది. గనిలో పైకప్పు కదిలేముందు సన్నగా చిటచిటలాడుతుంది, అది చెవిన పడాలి. బోర్డు డాక్టర్లు అడగకముందే శామ్యూల్ అన్నాడట: "కింద నా వెంట నలుగురు పని చేస్తరు. నేను ఇనకపోతే కష్టం వాళ్లకు." ఆయనను సర్ఫేస్ వర్క్‌షాపుకు మార్చారు. చెవి మిషన్ మంజూరైంది.

మిషన్ అమర్చే రోజున ఇంట్లో తమతో ఎక్కువగా మాట్లాడే మనిషిని వెంట తెచ్చుకొమ్మంటాం. ఆ గొంతుకు తగ్గట్టు మిషన్‌ను సరిచేయాలి కనుక అది మా పద్ధతి. ఆయన భార్యను తెస్తాడనుకున్నాను. ఎస్తేర్‌ను తెచ్చాడు. తన స్కూటీ మీద ఆయనను ఎక్కించుకొచ్చిన ఆమెకు దారిలో ఏం చెప్పాడో తెలియదు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చి కూర్చుని, "నాకు ముందే చెప్తే ఏమయితుండె డాడీ?" అని మాత్రం అంది. ఆయన ఆమె చేతి మీద తట్టాడు.

మామూలుగా చెవి మిషన్‌ను మాటల కోసం సరిచేస్తాం. అది పెద్ద శబ్దాలను అణచి, చిన్నవాటిని పెంచుతుంది. మాటకు అది మంచిదే, సంగీతానికి పనికిరాదు. పాట వణికినట్టు, నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. అందుకని పాటలు వినడానికి వేరే ప్రోగ్రాం పెట్టి, ఆ అణచడాలు చాలావరకు తీసేసి, ఎస్తేర్‌ను తన పాట ఒకటి నా గదిలోని స్పీకర్లో పెట్టమన్నాను.

మొదట మిషన్ లేకుండా వినిపించాం. ఆయన మర్యాదగా విన్నాడు. తర్వాత మిషన్‌తో. పాట మొదలైన కాసేపటికి చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఎనక సన్నగ ఇంకో గిటారు ఉన్నది. గిది కొత్తగ పెట్టినవా?"

"మొదటి సంది ఉన్నది డాడీ."

మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. నాకది పెద్ద రొదగానే ఉంది. అయినా ఆయన వేళ్లు మోకాలి మీద కదలడం చూస్తూ నేనూ కదలకుండా కూర్చున్నాను. పాట అయ్యాక అన్నాడు, "ఆ రెండో గిటారు జరంత ఎనకబడ్డది."

"అది నేనే" అంది ఎస్తేర్. ఏడుస్తూ నవ్వింది. తండ్రి తన పాటలో తప్పు పట్టినందుకు అంత సంతోషపడిన పిల్లను నేను చూడలేదు.

ఇక మెటల్ చచ్చిపోలేదని ఒప్పుకుంటాడేమోనని నేను చూశాను. ఒప్పుకోలేదు, పూర్తిగా కాదు. "సావలేదు. గట్లన్నది నా తప్పే. కానీ పాతదాంట్ల ఉన్న ఉరుకుడు గిందుల లేదు. గిది నాకు పడది" అన్నాడు. ఉరికితేనే మెటలా, మెల్లగా నడిస్తే బరువు ఇంకా ఎక్కువ తెలుస్తుందని ఆమె. బరువు వేరు, బద్ధకం వేరని ఆయన. తర్వాతి మనిషి బయట ఎదురుచూస్తున్నా నేను వాళ్లను కొంచెంసేపు ఆపలేదు.

వెళ్లబోతూ శామ్యూల్ తలుపు దగ్గర ఆగాడు. "మేడం, ఈమె చెవులు గూడ చూడుండ్రి."

నాకేమైందని ఎస్తేర్ నవ్వేసింది. ఆయన నవ్వలేదు. "నాకు గూడ ఏం కాలేదనే అనుకున్న" అన్నాడు.

ఆమెను గదిలో కూర్చోబెట్టాను. ఆయన నా పక్కన స్టూలు మీద కూర్చుని, నేను గుర్తు పెడుతున్న ఒక్కో చుక్కనూ వంగి చూశాడు. కుడి చెవి గీత తిన్నగా ఉంది. ఎడమ చెవిలో, తండ్రి గీత పడిపోయిన చోటే, చిన్న నొక్కు కనిపించింది. డ్రమ్ములు ఆమె ఎడమ వైపే ఉంటాయట. ఇంకా ప్రమాదం లేదని, ఇక్కడితో ఆపవచ్చని చెప్పాను. సంగీతకారుల కోసం పాటను చెడగొట్టకుండా మోతను మాత్రం తగ్గించే చెవి బిరడాలు ఉంటాయి. వాటి కోసం ఆమె చెవుల అచ్చు ఆయన అదే రోజు తీయించాడు.

ఆ తర్వాత ఏటా ఇద్దరూ కలిసి పరీక్షకు వచ్చేవారు. ఆమె గీత మరి దిగలేదు. ఆమె కచేరీలకు ఆయన వెళ్లడం మొదలుపెట్టాడు. వెళ్లివచ్చినప్పుడల్లా ఏది బాగుందో, ఏది బాగాలేదో నాకు కూడా చెప్పేవాడు. బాగాలేనివే ఎక్కువ.

ఫలానాది మునుపటిలా లేదని ఎవరైనా అంటే అది అభిప్రాయమని అంతకు ముందు వదిలేసేదాన్ని. ఆ తర్వాత అలా వదలలేదు. నా గదికి వచ్చిన ప్రతి ఒక్కరినీ, మునుపు ఇష్టంగా విని ఇప్పుడు మానేసినదేమిటని అడగడం అలవాటు చేసుకున్నాను. మాటలు వినపడటం లేదని ఒప్పుకోవడానికి మనుషులకు చాలా ఏళ్లు పడుతుంది. పాట చెడిపోయిందని చాలా ముందే చెబుతారు.