ముల్లుకి చెవి ఆనించి

నా దగ్గర నూట పద్నాలుగు రికార్డులున్నాయి. అన్నీ ఎనభైల్లో అమెరికాలో నల్లజాతి కుర్రాళ్లు చేసినవి. కొన్ని హిప్‌హాప్, అంటే తాళం మీద మాటలు దంచుకుంటూ పోయేవి. కొన్ని ఎలక్ట్రో ఫంక్. వాటిలో డ్రమ్ములు కూడా యంత్రాలే వాయిస్తాయి, మనిషి గొంతు సైతం ఏ రేకు గొట్టంలోంచో వచ్చినట్టుంటుంది. జంషెడ్‌పూర్‌లో డెబ్బై నాలుగేళ్ల తెలుగువాడికి ఇవెందుకండీ అని అడగనివాడు లేడు. నేనే గనక త్యాగరాజ కీర్తనలు వింటుంటే ఎందుకని ఎవడూ అడగడు. పదో తరగతితో ఆగినవాడివి, అవి నీకేం తెలుసని కూడా అడగడు. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ముప్ఫై ఆరేళ్లు ఇనుము మోత విన్నవాడికి యంత్రం పాడటం కొత్తా?

ఇవి మా ఇంటికి వచ్చింది నా భార్య వల్లే. ఓడలో పనిచేసే తమ్ముణ్ణి ఆవిడ ఇంగ్లీషు క్రైస్తవ గీతాల రికార్డులు తెమ్మంది. వాడు అట్టపెట్టె మోసుకొచ్చి అగ్రికోలో మా కంపెనీ క్వార్టరులో మంచం మీద పెట్టాడు. ఆవిడ పైది తీసి చూసింది. టోపీలు వెనక్కి తిప్పుకున్న నలుగురు కుర్రాళ్లు, గోడ మీద రంగుల రాతలు.

"దేవుడి పాటలు తెమ్మంటే దెయ్యాల్ని తెచ్చినావేట్రా?"

"దుకాణం మూసేత్తన్నాడక్కా. పెట్టె మొత్తం పట్టుకుపొమ్మన్నాడు. ఇంగ్లీషువే కదా!"

"నీ మొహం ఇంగ్లీషు!"

బావమరిది నా వైపు చూశాడు. "బావా, నువ్వుంచుకో. లేపోతే ఇయ్యి మళ్లీ ఓడెక్కాల." ఉంచుకున్నాను.

ఉంచుకున్నాను గానీ, వినడం ఎలా? క్వార్టర్లలో బతికినవాళ్లకే తెలుసు ఆ బాధ. మా వరసలో నాలుగిళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. సి షిఫ్టు అంటే రాత్రి డ్యూటీ. ఆ మనిషి తెల్లారి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. ఏ వారం చూసినా నలుగురిలో ఒకడు సి షిఫ్టే. వాడు పడుకున్నంతసేపూ ఆ వరసలో ఎవరూ రోట్లో పచ్చడి నూరరు. కూరగాయలవాడు కూడా అరవకుండా గుమ్మం ముందు నిలబడి దగ్గుతాడు. ఎవరో రాసిన చట్టం కాదది. రేపు మన వంతు వస్తుంది గనక అందరూ పాటించేవాళ్లం. సాయంత్రం పిల్లల చదువులు. ఎనిమిది దాటితే పొద్దున్నే లేవాల్సిన ఎ షిఫ్టు వాళ్ల నిద్ర. ఇక పాటకి వేళ ఏది?

అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆంప్లిఫయర్ కట్టేసి రికార్డు తిప్పితే, ముల్లు దగ్గర్నుంచే సన్నగా పాట వస్తుంది, చీమ పాడినట్టు. బల్ల మీదకి వంగి చెవి దాని పక్కన పెట్టేవాణ్ణి. చప్పట్లు, మాటలు, ఆ రేకు గొంతు స్పష్టంగా వినిపించేవి. నిఘంటువు దగ్గర పెట్టుకుని మాట మాటా రాసుకున్నాను. సోనారిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే సైకిలు మీద పోయేవాణ్ణి. నది అవతల మాంగో పేటలో పాత సామాన్ల దుకాణాల్లో దుమ్ము మింగాను. అలా అయ్యాయి నూట పద్నాలుగు.

ఒకసారి ఒక ఇంగ్లీషు పత్రికలో ఎవడో పెద్దమనిషి, ఈ సంగీతమంతా కింది స్వరం మీద, బేస్ మీద నిలబడిందని రాశాడు. నాకు ఒళ్లు మండింది. బేస్ ఎక్కడుంది ఇందులో? అంతా చప్పట్లూ, నాలుకా. చెవులున్నవాడు రాసే మాటేనా? సంపాదకుడికి మూడు పేజీల ఉత్తరం రాశాను, ఉదాహరణలతో సహా. జవాబు రాలేదు. ఏం చెప్పలేక ఊరుకున్నారనుకున్నాను.

రిటైరై మాంగోలో ఫ్లాటు కొనుక్కున్నాం. ఇక్కడ పగలు పడుకునేవాళ్లెవరూ లేరు, కింద రోడ్డు మీద ఆటోల హారన్లు ఆగవు. అయినా నేను చెవి ముల్లు దగ్గరే పెట్టి విన్నాను. అలవాటు. స్పీకర్లు అటక దిగలేదు.

పోయిన వానాకాలంలో పాటలు చచ్చిపోవడం మొదలుపెట్టాయి. మొదట చప్పట్లు పోయాయి. తరవాత మాటలు. గాడులు అరిగిపోయాయనుకున్నాను. సబ్బు నీళ్లతో కడిగాను, కొత్త ముల్లు తెప్పించాను. ఒక్కొక్కటే తీసి పెట్టడం, వంగడం, ఏమీ లేకపోవడం. వంతెన మీంచి వచ్చే దుమ్మునీ, అమ్మినవాళ్లనీ, వాననీ అందర్నీ తిట్టాను. ముప్ఫై ఎనిమిదో రికార్డు దగ్గర కూర్చుండిపోయాను. పాత సామాన్లవాణ్ణి పిలిచి ఇచ్చేయమని నా భార్యతో అన్నాను.

ఆవిడ నవ్వింది. "రికార్డులకేటైంది? నిన్న కుక్కరు ఈలేసి ఈలేసి పప్పు మాడిపోయింది. మీకు వినబడిందేటి?"

"నేను పేపరు చదువుతున్నాను."

"బెల్లు మోగితే తలుపు ఎవుళ్లు తీత్తన్నారు, ఆరు నెల్ల నుంచి?"

"నువ్వు దగ్గరగా ఉంటావు కనక నువ్వు."

"పదండి సాక్చీ. చెవులు చూపింతాను."

సాక్చీలో చెవుల డాక్టరు దగ్గర చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, పరీక్ష చేసే అమ్మాయి నా చెవులకి డిప్పలు తగిలించింది. "దాదాజీ, ఆవాజ్ ఆయే తో బటన్ దబాయియే," అంది. శబ్దం వస్తే నొక్కాలన్నమాట. కొన్ని నొక్కాను. ఆ తరవాత మిషను ఆపేసిందేమో అనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను. అది ఆగలేదట. కాగితం చూపించింది. గీత ఎడమ పక్క తిన్నగా వచ్చి, కుడి పక్కకి వెళ్లేసరికి మెట్లు దిగినట్టు పడిపోయింది. సన్న శబ్దాలు పోయాయట. లావు శబ్దాలు కుర్రాడికి వినిపించినట్టు వినిపిస్తాయట. మిల్లులో చెవులకి బిరడాలు పెట్టుకోలేదా అని అడిగింది. ఇచ్చారమ్మా. చొక్కా జేబులో పెట్టుకున్నాం. ఎవడైనా చెవుల్లో పెట్టుకుంటే, "కొత్త పెళ్లికూతురా, జూకాలు బాగున్నాయే" అని మేమే ఏడిపించేవాళ్లం.

తిరుగు ఆటో సువర్ణరేఖ వంతెన మీద ఆగిపోయింది. అక్కడ తట్టింది నాకు. రికార్డు గాడిలో లావు శబ్దాన్ని, అంటే ఆ బేస్‌ని, కావాలనే తగ్గించి కోస్తారు. దాన్ని మళ్లీ పైకి లేపాల్సింది ఆంప్లిఫయరు. ఇది నేను పుస్తకంలో చదివాను, కింద గీత కూడా గీశాను! ముల్లు ఒక్కటే పాడితే వచ్చేది సన్న శబ్దం మాత్రమే. ఇంతకాలం నేను విన్నది అదే. ఇప్పుడు నా చెవిలో పోయిందీ అదే.

మర్నాడు పదకొండింటికి అటక మీంచి స్పీకర్లు దింపి, తీగెలు గీకి ఆంప్లిఫయరుకి కలిపాను. ఆ రేకు గొంతుది పెట్టాను. ఇది కూడా వినిపించకపోతే ఆ పెట్టె నిజంగా పాత సామానే.

మొదట కిటికీ అద్దం కదిలింది. తరవాత అరికాళ్లకి తెలిసింది. తరవాత విన్నాను. నేను పాట అనుకున్నదాని కింద ఇంకొక పాట నడుస్తోంది. లావుగా, తాపీగా, ఒక్కోచోట ఆగి, మళ్లీ అడుగు వేస్తూ. నాకు ముందు కోపం వచ్చింది. ఆ సంపాదకుడు నా మూడు పేజీలూ ఆఫీసులో చదివి వినిపించి ఉంటాడు.

నా భార్య పిండి చేతులతో వచ్చింది. "ఏటండీ ఇది? అలమార్లో గిన్నెలొణికిపోతన్నాయి."

"పాట."

"మరిన్నాళ్లూ విన్నదేటి?"

"దాని చప్పట్లు."

ఆవిడ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ స్పీకరు దగ్గరికి వచ్చింది. తల ఊపిందని నేనంటాను, ఆవిడ ఒప్పుకోదు.

ఇప్పుడు నాకు మాటలు వినిపించవు. అక్కర్లేదు, అన్నీ కంఠతా వచ్చు. కింద స్పీకరు నడుస్తుంటే, పైన చప్పట్లూ మాటలూ నేనే వేసుకుంటాను. రోజుకి ఒక రికార్డు, రెండు పక్కలూ. పాత నోటుబుక్కులో నా రాతలన్నీ కొట్టేసి పక్కన కొత్తవి రాస్తున్నాను. ఇరవై మూడు అయ్యాయి. ఒకటి రెండు, నేను చెత్తవని రాసినవి, అద్భుతంగా ఉన్నాయి.

చెవి మిషను పెట్టుకోమని సాక్చీ నుంచి ఫోను చేశారు. పెట్టుకుంటాను. ముందు ఈ మిగిలిన తొంభై ఒకటీ కానివ్వమన్నాను.

"అంతదాకా తలుపు ఎవుళ్లు తీయాల?" అంది నా భార్య, నా మొహం ముందుకు వచ్చి.

ఇరవై నాలుగోది అప్పటికే తిరుగుతోంది.