ఎంగిలి గొట్టం

మా ఆయన దక్షిణామూర్తిగారి ఎంగిలి పట్టింపు టెక్కలిలో తెలియని ఇల్లు లేదు. పౌరోహిత్యం ఇంటి వృత్తి. ఎక్కడ తద్దినం పెట్టించడానికి వెళ్లినా మంచినీళ్ల చెంబు వెంట ఉండాల్సిందే. నేను తాగిన గ్లాసు తోమి, మళ్లీ కడిగితే గానీ ముట్టేవారు కాదు. నేను మాత్రం ఆయన తిన్న విస్తట్లోనే తినాలి. మహానుభావుడు!

అలాంటి మనిషికి ఒక పిచ్చి కోరిక ఉండేది, సముద్రం అడుగు చూడాలని. చిన్నప్పుడు మాఘ పౌర్ణమికి అక్కుపల్లిలో స్నానం చేస్తూ మోకాలిలోతు దాటితే తల్లి జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగేసిందట. ఆ నీళ్ల కింద ఏముందో చూడకుండానే పోతానేమోనని నా దగ్గర ఎన్నిసార్లు వాపోయారో.

యాభై తొమ్మిదిలో సింహాచలం మొక్కు తీర్చుకోవడానికి నౌపడలో రైలెక్కాం. దర్శనమయ్యాక విశాఖపట్నంలో మా అన్నయ్య భాస్కరరావు ఇంట్లో దిగాం. అన్నయ్య పోర్టులో గుమాస్తా. ఊరంతా తిప్పి చూపించాడు. కురుపాం మార్కెట్టులో గాజులు తొడిగించుకున్నాను. రేవులో ఒక్కో ఓడ మా వీధంత పొడుగుంది. మా ఆయన మాత్రం ఓడల్ని చూడలేదు, వాటి కింద నీళ్లనే చూశారు. అది కనిపెట్టి అన్నయ్య ఒకతన్ని ఇంటికి తీసుకొచ్చాడు.

అతని పేరు పాపారావు. సొంతూరు అక్కుపల్లే. నీళ్లలో మునిగి ఓడల అడుగు పరీక్ష చేసే పని. వీపుకి గాలి నింపిన సిలిండర్ కట్టుకుని, దాని గొట్టం చివర రబ్బరు ముక్కని పళ్ల మధ్య కరిచిపట్టి, నీళ్ల కింద ఊపిరి పీలుస్తాడట. మర్నాడు తనకి సెలవనీ, కొండ కింద అలలు లేని చోట పంతులుగారికి ఆ విద్య నేర్పిస్తాననీ అన్నాడు. ఆ మర్నాడు సాయంత్రం బండికే మా తిరుగు ప్రయాణం. చూస్తే ఆ పూటే చూడాలి, లేకపోతే లేదు. మా ఆయనకి ఆ సంతోషంలో అన్నం కూడా సయించలేదు.

తీరా నీళ్లలో నిలబడ్డాక పాపారావు రబ్బరు ముక్క ముందు తన నోట్లో పెట్టుకుని చూపించి, తీసి ఈయనకి అందించాడు. ఈయన చెయ్యి వెనక్కి పోయింది. ఎంగిలి కదూ మరి! కోరిక ఒకవైపు, ఆచారం ఒకవైపు లాగుతుంటే ఆ ముఖం చూసి తీరాలి. పాపారావు కోపం తెచ్చుకోలేదు.

"సముద్రం నీల్లతో కడిగినాక ఇంకేటి ఎంగిలి, పంతులుగారూ?" అన్నాడు.

ఈయన దాన్ని కడిగారు, మళ్లీ కడిగారు, ఆచమనం చేశారు, చివరికి నోట్లో పెట్టుకున్నారు. లోపల ఊపిరి మాత్రం ఆపొద్దనీ, పీలుస్తూ వదులుతూ ఉండాలనీ పాపారావు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎవరికి చెప్పాడు? పూటపూటా సంధ్యావందనంలో ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టే మనిషికి! ఈయన మునిగీ మునగగానే కళ్లు మూసుకుని కుంభకం పట్టారు. వీపు మీద అంత గాలి మోస్తూ ఊపిరాడక గిలగిల్లాడిపోయి, ఉప్పునీళ్లు మింగి, దగ్గుతూ లేచారు.

"ఆచారం తప్పాను. అందుకే సముద్రం రానివ్వలేదు. పద, పోదాం," అన్నారు.

ఈ మనిషి ఇంక జన్మలో నీళ్లలోకి దిగరని నాకు తెలుసు. జాలితో పాటు ఒళ్లు కూడా మండింది. చీర కచ్చపోసి నీళ్లలోకి దిగాను. అన్నయ్య వద్దు వద్దంటూనే ఉన్నాడు.

"మీ ఎంగిలి నాకు కొత్తేమీ కాదు, ఇలా ఇవ్వండి," అన్నాను.

పాపారావు నవ్వుతూ సిలిండర్ నా వీపుకి మార్చాడు. కళ్లకి అద్దం పెట్టి, నా నడుముకి తాడు కట్టి, కొస మా ఆయన చేతికిచ్చాడు. ఊపిరి బిగబట్టి తనూ నా పక్కనే మునిగాడు.

నాకు కుంభకం ఎవరు నేర్పారు గనక? ఇంట్లో పీల్చినట్టే పీల్చాను, వదిలాను. అబ్బ, ఏం చెప్పను! రాళ్లనిండా పచ్చటి నాచు, మధ్యలో చారల చేపలు, ఇసుక మీద కదిలే ఎండ. ఒక చేప వచ్చి నా మట్టెని పొడిచి చూసింది. నవ్వితే గొట్టం ఊడిపోతుందని పళ్లు బిగబట్టుకున్నాను. పెళ్లయ్యాక అంత సంతోషం నేనెరగను.

పైకి లేచేసరికి మా ఆయన తాడు గుప్పిట్లో బిగించి, నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. కింద ఏముందని చిన్నపిల్లాడిలా అడిగారు.

"చెప్పను. మీరే చూడండి. నిద్రలో పీల్చినట్టు పీల్చండి, అంతే," అన్నాను.

సిలిండర్ మళ్లీ ఆయన వీపుకెక్కింది, అద్దం కళ్లకి, తాడు నడుముకి; తాడు కొస ఈసారి నా చేతికొచ్చింది. పాపారావు రబ్బరు ముక్క కడగబోయాడు. మా ఆయన వద్దని తల ఊపారు. నా నోట్లోంచి అప్పుడే తీసినదాన్ని, అలాగే తడిగా, తన నోట్లో పెట్టుకుని నాకేసి చూశారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మునిగారు.

నీళ్ల మీద బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. బండికి వేళవుతోంది, తాడు లాగమని అన్నయ్య ఒకటే గోల. నేను లాగలేదు.