అభ్యంతరం గారు, అట్టపెట్టె

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆ పెద్దమనిషికి ఒక్కటే జబ్బు: ఎవరేమన్నా "అంటే?" అని అడగడం. నమస్కారం పెడితే మాత్రం మారు మాట్లాడకుండా చేతులు జోడించేవాడు, అంతటి మర్యాదస్తుడు. ఆ తర్వాత మీ ఖర్మ.

"అక్షరాలు కనబడటం లేదండీ" అని ఎవరైనా దుకాణానికొస్తే, "కనబడటం లేదంటే? అక్షరాలు కనబడటం లేదా, కనబడుతున్నవి అక్షరాల్లా లేవా?" అనేవాడు. సగం మంది ఉన్న చూపుతోనే సరిపెట్టుకుందామని ఇంటిదారి పట్టేవారు. ఇంట్లో భార్య "ఉప్పు సరిపోయిందా?" అని అడిగి, "సరిపోవడమంటే?" అన్న జవాబు విని, కంచం లాక్కుపోయిన రోజులూ లేకపోలేదు.

ఇలాంటి మనిషిని దేవుడు తిన్నగా తీసుకెళ్లి డిటెక్టివ్ కథల అభిమానుల సంఘంలో పడేశాడు. ఆ సంఘంవాళ్లు డిటెక్టివ్ కథల మీద సొంత ఖర్చుతో పత్రికలు అచ్చేసుకుని, ఒకరివి ఒకరు చదువుకుని, ఏటా ఒకరికొకరు అవార్డులిచ్చుకునేవారు. అవార్డంటే ఒక చెక్క భూతద్దం. అందులోంచి చూస్తే ఏమీ కనబడదు. అయినా దానికోసం అన్నదమ్ములు మాటలు మానుకున్నారు.

సభలో ముందుగా ఏ విభాగం కిందికి ఏది వస్తుందో తీర్మానించాలి. ఆ తీర్మానం అయ్యేదాకా ఎవరి పత్రికను వాళ్లు స్వయంగా తెచ్చి, గుమ్మం దగ్గర బల్ల మీదున్న అట్టపెట్టెలో వేయవచ్చు. అవగానే కార్యదర్శి పెట్టెకు టేపు అంటించేస్తుంది. ఆ కార్యదర్శి మన పెద్దమనిషికి స్వయానా మేనకోడలు. మావయ్య లేచి నిలబడగానే సిగ్గుతో తల దించుకునేది.

"ఉత్తమ అభిమాన పత్రిక" అని అధ్యక్షుడు చదివేవాడు. ఆయన పళ్ల డాక్టరు. ఎదుటివాళ్లు నోరు తెరిచి కూడా మాట్లాడకుండా ఉండటం ఆయనకు అలవాటు.

"అభ్యంతరం! పత్రిక అంటే?"

"క్రమం తప్పకుండా వచ్చేదండీ."

"ఒక్క సంచిక తెచ్చి సంపాదకుడు అలిగి ఆపేస్తే?"

"అలక తీరాక మళ్లీ తెస్తాడు, కూర్చోండి!"

"పిన్ను కొట్టకపోతే అది పత్రికా, కాగితాల కట్టా? ఫోన్‌లో చదివేదైతే పిన్ను ఎక్కడ కొట్టాలి?"

ఉత్తమ అభిమాన రచయిత దగ్గరికొస్తే మరీ ఘోరం. ప్రతిఫలం పుచ్చుకుంటే అభిమాని కాదన్నారు. "సంపాదకుడు టీ ఇప్పించాడు. అది ప్రతిఫలమా? బిస్కెట్ కూడా పెడితే?" అన్నాడాయన. ఆ ఏడు టీ తాగిన రచయితలందరూ బిక్కమొహాలు వేశారు. అప్పటినుంచి ఆయన అభ్యంతరం గారైపోయాడు.

అందరి ప్రాణాలూ తోడేశాక, ఉన్నట్టుండి "సరే, నాకేం అభ్యంతరం లేదు" అని కూర్చునేవాడు. అందరూ హమ్మయ్య అనుకునేవారే తప్ప, ఎందుకు కూర్చున్నాడని ఎవరూ అడగలేదు. అడిగితే మళ్లీ లేస్తాడని భయం.

ఆస్పత్రి డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి రొప్పుతూ వచ్చే నర్సమ్మ, తన పత్రికను పెట్టెలో పడేసి, "ఇంకా నిర్వచనాల దగ్గరే ఉన్నారా? ఈయనతో ఎలా వేగుతున్నారండీ!" అని ఏటా దులిపేసేది. ఆయన్ని తిట్టడంలో మొదటి బహుమతి ఆవిడదే. ఆ విభాగం మీద ఆయనకూ అభ్యంతరం ఉండేది కాదు. సభ కాస్త ఆలస్యంగా పెట్టమని ఆవిడ ఒకప్పుడు అడిగింది. "ఒక్కరి కోసం జరుపుతామా?" అన్నాడు అధ్యక్షుడైన పళ్ల డాక్టరు. "అయితే నాకెవరి దయా అక్కర్లేదు" అంది నర్సమ్మ. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈ ఏడు ఆవిడ తన వార్డులో రోగుల చేతనే కథలు రాయించి సంచిక వేస్తోందని, భూతద్దం ఆవిడకే వస్తుందని చెప్పుకుంటున్నారు. ఈ ఏడే డాక్టరు కొత్త నియమం తెచ్చాడు: మనిషికి ఒక్క ప్రశ్నే.

"ఒక్కటంటే?" అన్నాడు అభ్యంతరం గారు.

"అదే మీ ప్రశ్న. అయిపోయింది, కూర్చోండి."

హాలు చప్పట్లతో మారుమోగింది. మేనకోడలు కూడా కొట్టింది, పాపం ఎన్నాళ్ల కసో! తీర్మానం రైలుబండిలా పరుగెత్తింది. ఆమె టేపు చుట్ట చేతిలోకి తీసుకుని మావయ్య వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు, మళ్లీ తుడుస్తున్నాడు. చూపు మాత్రం ఆమె తల మీదుగా గుమ్మం మీదే ఉంది. గుమ్మంలో ఎవరూ లేరు.

ఆమెకు ఒక్కసారిగా వెలిగింది. ఏటా ఆయన కూర్చునేది నర్సమ్మ పత్రిక పెట్టెలో పడ్డాకే. ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి తల దించుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఇక పెట్టె మూసేయమ్మా" అన్నాడు డాక్టరు.

ఆమె లేచి నిలబడింది. "అభ్యంతరం అండీ! మూయడమంటే ఏమిటి? మూత వేస్తే మూసినట్టా, టేపు అంటిస్తే మూసినట్టా?"

"నువ్వు కూడానా తల్లీ!" అన్నాడు డాక్టరు నీరసంగా. "టేపు అంటిస్తేనే."

"నాకొక అనుమానం" అంటూ వెనక వరుసలోంచి టైలరు లేచాడు. "టేపు సగమే అంటుకుంటే?"

ఆయన పక్కవాడు లేచాడు. ఆ పక్కవాడూ లేచాడు. మనిషికొక్కటి చొప్పున ఎవరి ప్రశ్న వాళ్ల దగ్గర అలాగే ఉంది కదా! డాక్టరు తల పట్టుకున్నాడు. చివరికి నర్సమ్మ రొప్పుతూ వచ్చి పత్రికను పెట్టెలో వేసింది.

"ఇంకా నిర్వచనాల దగ్గరే ఉన్నారా? ఈయనతో ఎలా వేగుతున్నారండీ!"

"ఈసారి ఆయన కాదమ్మా, ఆయన మేనకోడలు!" అన్నాడు డాక్టరు.

"అయ్యో, నీకూ అంటుకుందా తల్లీ!" అని నర్సమ్మ నొచ్చుకుంది.

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు పెద్దమనిషి, ఎవరూ అడక్కుండానే.

సభ అయ్యాక మెట్లు దిగుతూ మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, నిజం చెప్పు. ఇన్నేళ్లూ ఆవిడ కోసమే కదూ?"

ఆయన ఆగి, జోడు సర్దుకున్నాడు.

"కోసం అంటే?"