సెలూన్ కుర్చీ ఎగిరిన రోజు

చెవి వెనక ఎప్పుడూ దువ్వెన ఉండేది కాబట్టి ఆ సెలూన్ యజమానిని వీధంతా దువ్వెన మామ అని పిలిచేది. ఎత్తంటే భయం, ఇరవై ఏళ్లుగా సొంత ఇంటి మేడమీదికి కూడా ఎక్కలేదు.

ఆయన పాత సామాన్ల కొట్లో ఒక తిరిగే కుర్చీ కొన్నాడు. అందులో మొదట కూర్చున్నది, నవ్వగా ఎవరూ చూడని హెడ్మాస్టరు. ఒకవైపు మీసం కత్తిరించి, రెండో వైపు కోసం మామ కుర్చీని ఎడమకు తిప్పాడు. కుర్చీ తలుపులోంచి దూసుకుపోయి గాల్లోకి లేచింది. మామ దాని చెయ్యి పట్టుకుని వేలాడాడు.

"ఎక్కడికండీ?" అని కిందనుంచి ఆయన భార్య అడిగింది.

"నాకేం తెలుసే, కుర్చీనడుగు."

కుర్చీ బడి చుట్టూ మూడుసార్లు తిరిగింది. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపుతుంటే హెడ్మాస్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. పైప్రాణాలు పైనే పోతున్న మామ, కాళ్లతో తన్ని ఎలాగో కుర్చీని కుడికి తిప్పాడు. అది బుద్ధిగా సెలూన్ ముందు దిగింది.

"సార్, ఆ రెండో మీసం?"

"రేపొస్తాను. తొందరేం లేదు."

మర్నాడు షాపు తెరిచి, అద్దం తుడిచి తిరిగేసరికి కుర్చీలో భార్య కూర్చుని ఉంది.

"నాకు జుట్టేం కత్తిరించక్కర్లేదు. తిప్పండి."

మామ తువ్వాలుతో తన నడుమును కుర్చీకి కట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమకు తిప్పాడు.