ముందుగా నవ్వించే మనిషి

డెల్విన్ ప్రూయిట్ చేసే పనేమిటో చెబితే సగంమంది నమ్మరు. టీవీలో అర్ధరాత్రి వచ్చే మా హాస్య కార్యక్రమాన్ని నిజానికి మేం సాయంత్రం ఐదింటికే చిత్రీకరిస్తాం. వీధిలో గంటసేపు నిలబడి కాళ్ళు పీక్కుపోయి లోపలికొచ్చిన రెండువందల మందిని, కెమెరాలు తిరగకముందే నవ్వే దారిలో పెట్టడం అతని ఉద్యోగం. చలికి పళ్ళు టకటకలాడే హాలు, చేతిలో మైకు, పద్నాలుగేళ్ళుగా అరగదీసిన జోకులు. టీవీలో అతని మొహం ఒక్కసారీ కనబడదు. నా మొహమూ అంతే. మా హోస్టు చదవాల్సిన మాటల్ని లావు మార్కరుతో అట్టల మీద రాసి, కెమెరా పక్కన పట్టుకుని నిలబడేదాన్ని నేను. అందుకేనేమో మా ఇద్దరికీ పడింది.

కుర్రతనంలో తనకే ఒక కార్యక్రమం వస్తుందనుకున్నాడు. బార్లలో తాగినవాళ్ళ ముందు జోకులు చెప్పి, ముప్పై ఏడో ఏట ఇక్కడికొచ్చి, 'ఒక్క ఏడాదే' అన్నాడు. ఎవరినీ నొప్పించేవాడు కాదు. తన బట్టతల మీదా, తన రెండు విడాకుల మీదా తానే జోకులు వేసుకునేవాడు. ఆ తర్వాత ఎవరో ఒకరిని లేపి, మీదే ఊరు అని అడిగేవాడు. దేశంలో ఏ మూల పేరు చెప్పినా అతని దగ్గర దానికో జోకు ఉండేది. రెండేళ్ళుగా ఎవరినీ ఊరు అడగడం లేదు. ఎందుకో నాకు తెలుసు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

ఎన్నికల ఏడాది వచ్చిందంటే చాలు, నాయకులు మా అతిథుల సోఫా కోసం క్యూ కడతారు. తమ మీద తామే రెండు జోకులు వేసుకుని, ఏప్రన్ కట్టుకుని పెనం మీద పాన్‌కేకులు తిరగేసి, పాపం మనలాంటి మనిషే అనిపించుకుని పోతారు. ఆ జోకులు మావాళ్ళు రాసినవే. అట్టల మీదకెక్కించేది నేనే. జీతం తీసుకుంటున్నాను కదా, నన్ను నేను పక్కన పెట్టి మాట్లాడలేను.

రెండేళ్ళ కిందట, ఎన్నికల ముందు అక్టోబరులో, పక్క రాష్ట్రం గవర్నర్ విన్‌స్లో టేట్ వచ్చాడు. మా నిర్మాత పొద్దున్నే డెల్విన్‌ని పిలిచి, "ఆయన ఉన్నంతసేపూ జనంలోంచి ఒక్క ప్రశ్న రాకూడదు. వస్తే నువ్వు చూసుకో" అంది.

"ఎప్పుడూ చూసుకునేదేగా" అన్నాడు డెల్విన్.

ప్రకటనల విరామం రెండున్నర నిమిషాలు. బ్యాండు వాయిస్తోంది, గవర్నరు నుదుటికి పౌడరు అద్దుతున్నారు, డెల్విన్ మైకు పట్టుకుని జనంలో తిరుగుతున్నాడు. మూడో వరసలో ఒక పెద్దావిడ లేచింది. చర్చికి వేసుకెళ్ళే కోటు వేసుకుంది. అతను అలవాటుగా మైకు చాచాడు.

"మీదే ఊరమ్మా?"

"హార్లన్ క్రీక్. గవర్నరుగారి రాష్ట్రమే. మా ఊరివాళ్ళతో బస్సులో వచ్చాను, ఆయన్నే ఒక మాట అడుగుదామని." ఆవిడ గవర్నరు వైపు తిరిగింది. "మా ఆస్పత్రిలో కాన్పుల వార్డు మీరే ఎత్తేయించారండి. ఇప్పుడు యాభై మైళ్ళు పోవాలి. మా అమ్మాయికి నొప్పులొచ్చి కారులో తీసుకెళ్తుంటే, దారిలోనే..."

బ్యాండు ఆగిపోయింది. గవర్నరు మొహంలో పౌడరు తప్ప ఏమీ లేదు. నిర్మాత కెమెరాల వెనకనుంచి, ఆపించు అన్నట్టు చెయ్యి గాలిలో తిప్పుతోంది. డెల్విన్ మైకు వెనక్కి లాక్కున్నాడు.

"యాభై మైళ్ళేనా? అదృష్టవంతులమ్మా. ఇక్కడ టాక్సీ ఎక్కి నాలుగు వీధులు దాటేలోపు పిల్లాడు పుట్టి, బడికెళ్ళి, ఉద్యోగం కూడా వెతుక్కుంటాడు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడ మాట సగంలో ఆగినట్టు కూడా ఎవరికీ తట్టలేదు. గవర్నరు తొడ చరుచుకుని అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. చేతిలో అట్ట ఊగేంతగా నవ్వాను, అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. ఆవిడ నోరు తెరిచి అలాగే నిలబడింది. చుట్టూ అందరూ తనవైపే చూస్తూ ముద్దుగా నవ్వుతున్నారు. కాసేపటికి, నవ్వకపోతే బాగుండదనుకుందో ఏమో, ఆవిడ కూడా నవ్వింది. డెల్విన్ ఆవిడ చేతిలో మా కార్యక్రమం టీ-షర్టు ఒకటి పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు, ఆవిడ కూర్చుంది. తర్వాత గవర్నరు పాన్‌కేకులు తిరగేశాడు.

కార్యక్రమం అయ్యాక వరండాలో గవర్నరు డెల్విన్ భుజం తట్టి, "మీరు మా ప్రచారంలో ఉండాల్సిన మనిషి" అని వెళ్ళిపోయాడు. డెల్విన్ గోడకానుకుని నిలబడ్డాడు.

"దారిలోనే అన్నాక ఏం చెప్పబోతోందో నాకు అర్థమైపోయింది మార్గో."

"అర్థమయ్యాకనా ఆ జోకు వేశావు?"

"అర్థమైంది కాబట్టే తొందరపడ్డాను. ఆ ఒక్క మాట బయటికొస్తే ఆ హాల్లో ఇక ఎవరూ నవ్వరు."

నాకు ఒళ్ళు మండింది. నేనూ నవ్వినదాన్నే కదా, ఆ మంట నామీద కూడా. "ఇక్కడ నిలబడి నాకు చెప్పడమేంటి? పోయి ఆవిడకు చెప్పు, తప్పయిందని" అన్నాను.

ఇద్దరం పక్క వీధిలోకి పరుగెత్తాం. హార్లన్ క్రీక్ వాళ్ళ బస్సు బయలుదేరబోతోంది. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి, డెల్విన్‌ని చూసి ఆగింది. డెల్విన్ పరుగు ఆపి బస్సు మెట్టు దగ్గరికి నడిచాడు. ఆవిడే దిగొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమనుకోకు బాబూ. పసిపిల్ల పోయిన సంగతి అక్కడ చెప్పకూడదని నాకే తెలియలేదు. అంతమంది సంతోషంగా ఉన్నారు, అందరి సరదా పాడుచేసేదాన్ని. నువ్వే సర్ది నా పరువు కాపాడావు. నన్ను క్షమించు."

డెల్విన్ పెదాలు కదిలాయి. చెబుతాడనే అనుకున్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు.

"పర్వాలేదమ్మా" అన్నాడు.

ఆవిడ మొహం తేలికపడింది. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి మా ఇద్దరికీ చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా డెల్విన్ అక్కడే నిలబడ్డాడు.

"క్షమించమని అడిగింది" అన్నాడు, నా వైపు చూడకుండా. "క్షమించేశాను."