కోడె కొమ్ములకు ఎవరి బొమ్మ

చంద్రగిరి దాటి లోపలికొస్తే మా పల్లెల్లో పశువుల పండగంటే కోడెను వీధిలోకి వదలడమే. కొమ్ములకు రంగు పూసి, వాటికి అడ్డంగా ఒక చెక్క పలక కడతారు. పలక మీద బొమ్మ ఉంటుంది, పక్కన కొత్త తువ్వాలు వేలాడుతుంది. డప్పులు మోగుతుంటే కోడె పరుగు తీస్తుంది, మగవాళ్లు ఎదురెళ్లి పలక లాక్కోవాలి. లాక్కున్నవాడిదే పలక, వాడిదే పేరు. ఆడవాళ్లం మిద్దెలెక్కి చూస్తాం.

నేను కాపురానికొచ్చిన కొత్తలో పలకల మీద దేవుళ్లే ఉండేవారు. తరువాత సినిమావాళ్లు వచ్చారు. ఆ వెనక పార్టీ నాయకులొచ్చి కూర్చున్నారు, ఇక దిగలేదు. ఆట చెడింది అప్పుడే. దేవుడి పలక దొరికితే ప్రసాదంలా కళ్లకద్దుకునేవారు. నాయకుడి పలక లాగితే మాత్రం, మా నాయకుణ్ణి దుమ్ములో పడేస్తారా అని కర్రలు లేచేవి. కిందటేడు తలలు కూడా పగిలాయి. మళ్లీ గొడవైతే ఈ ఊళ్లో పండగే ఉండదని పోలీసులు చెప్పి వెళ్లారు.

ఊళ్లో ముందుగా వదిలేది మా కోడెనే. ఈనగానే దాని తల్లి చచ్చిపోతే నేనే గంజి పట్టి సాకాను. పలక ఎవరికీ ఇవ్వదని దానికి పేరు. అందుకే రెండు పార్టీల కళ్లూ దాని కొమ్ముల మీదే.

పండగ ముందురోజు మా ఆయన అన్న పలక పట్టుకొని వచ్చాడు. దాని మీద వాళ్ల నాయకుడు నవ్వుతున్నాడు. బావ కాఫీ తాగేలోపే నా తమ్ముడు దిగాడు. నా పుట్టిల్లూ ఈ ఊరే, రెండు వీధుల అవతల. వాడి చేతిలోనూ ఒక పలక, దాని మీద అవతలి పార్టీ నాయకుడు. ఆయనా నవ్వుతున్నాడు.

"కోడె మా ఇంటిది. మా బొమ్మే కట్టాల," అన్నాడు బావ.

"సాకింది మా యక్క. మా బొమ్మే కట్టాల," అన్నాడు తమ్ముడు.

మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. ఇద్దరూ కావాల్సినవాళ్లే మరి.

అరుగు మీద నుంచి మా మామ అందుకున్నాడు. "ఒక్కో కొమ్ముకు ఒక్కోటి కట్టండప్పా. వాళ్లిద్దరూ ఆడనే తన్నుకుంటారు, మీకు పని తప్పుతాది."

ఎవరూ నవ్వలేదు. నేను వంటింట్లో నుంచి బయటికొచ్చాను.

"బావా, రేపు మీ నాయకుడి పలక వాళ్లోడు లాగితే ఊరకుంటావా?"

"యట్లా ఊరకుంటా మే?"

"నువ్వురా?"

తమ్ముడు తన పలకను చంకలోకి లాక్కున్నాడు.

"అట్లయితే రేపు తన్నులాటే. ఇంక పండగ ఉండదు. కోడెను సాకినదాన్ని, ఏమి కట్టాల్నో నేను సూసుకుంటా. మీ పలకలు మీరెత్తుకొని పోండి."

"ఉత్త పలక కడతావా? ఊరు నవ్వుతాది," అన్నాడు బావ.

"నవ్వనీ. నవ్వితే తలకాయలు పగలవు."

తెల్లారి చెక్కకు పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి నేనే కట్టాను. దాని కోసం ఎవరూ రారేమోనని మా ఆయన భయపడ్డాడు. వచ్చారు. పార్టీ పలకలున్నన్నాళ్లూ ఊరి బయటి కాలనీవాళ్లు గోడలకు ఆనుకొని నిలబడేవారు. వాటి మీద చెయ్యి వేస్తే పార్టీ ఒక్కటే కాదు, కులం కూడా మీదికొస్తుందని వాళ్లకు తెలుసు. ఆ రోజు వాళ్లూ వీధి మధ్యకొచ్చారు. వాళ్లలో షేర్ ఆటో నడిపే మనిషి, పిల్లల తండ్రి, కోడె మూపురం పట్టుకొని వేలాడి పలక తెంచుకున్నాడు.

డప్పులు ఆగిపోయాయి. అందరూ బావ వైపు చూశారు. బావ నా తమ్ముడి వైపు చూశాడు. కింద పడింది ఎవరి నాయకుడూ కాదు, మరి కర్ర ఎత్తేది ఎవరి కోసం?

ఆటో మనిషి మా మిద్దె కిందికొచ్చాడు.

"అమ్మా, ఇచ్చేయమంటే ఇచ్చేస్తా."

"యాలప్పా? నువ్వు గెలిచినావు. ఆ తువ్వాలు తలకు సుట్టుకో, ఊరంతా సూడనీ."

మా వీధిలోనే, మా అందరి ముందరే చుట్టుకున్నాడు. మామ అరుగు మీద నుంచి డప్పులవాళ్లను కసిరాడు. "ఏమిరా, సేతులు పడిపోయినాయా?"

డప్పులు మోగాయి. రెండో కోడెవాళ్లు నాయకుడి పలక విప్పేసి, ఇంట్లోకి పసుపు కోసం మనిషిని పంపారు. మూడోవాళ్లు మాత్రం వాళ్ల నాయకుణ్ణే కట్టారు. ఆ కోడె వెంట పడినవాళ్లే తక్కువ. కాపలాకొచ్చిన పోలీసులు మధ్యాహ్నం దాకా ఉండి, మా ఇంట్లో వడలు తిని వెళ్లారు.