గోడ అవతలి జవాబు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో, నా డైరీ మీద అంతకంటే కాస్త ఎక్కువే ఉండేది. బస్తర్ వైపు వెళ్లే కిరండూల్ రైలు లైన్లో, అడవి మధ్య ఓ చిన్న స్టేషన్లో కొత్తగా ఉద్యోగం. మాది విజయనగరం వైపు. బయలుదేరేటప్పుడు అమ్మ ఒకటే మాట తీసుకుంది: రోజూ తెల్లవారుజామున ఐదింటికి నోరు విప్పి ప్రార్థన చెయ్యాలి. మనసులో చేసుకుంటే నిద్రపోతానని ఆవిడ భయం (ఆ భయానికి ఆధారాలు చాలానే ఉన్నాయి). స్టేషన్లో అందరితోనూ నా ముక్కల హిందీయే. రోజు మొత్తం మీద తెలుగు మాట్లాడేది ఒక్క దేవుడితోనే. అందుకని పది నిమిషాల ప్రార్థన క్రమంగా ముప్పావు గంటయింది. పాపక్షమాపణతో మొదలై వంకాయ కూర దాకా వెళ్లేది.

డైరీలో ఒక పేజీలో అడిగినవి, ఎదురు పేజీలో జవాబులు రాసేవాణ్ణి. చిత్రంగా జవాబులు రావడం మొదలైంది. పులుసు తిని నెలైందని మొరపెట్టుకున్న రోజే, పక్క క్వార్టర్లో ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గిన్నెడు చేపల పులుసు తెచ్చి, "ఖా లీజియే సాబ్" అని గుమ్మంలో పెట్టి వెళ్లాడు. దోమల గురించి విన్నవించుకుంటే సాయంత్రానికి వాకిట్లో వేపాకు పొగ. పాయింట్స్‌మన్ పొద్దున్నే ఘోరంగా దగ్గుతున్నాడు, అతణ్ణి స్వస్థపరచు ప్రభువా అంటే, మర్నాటి నుంచి దగ్గు లేదు. (పాపం, నోట్లో దుప్పటి కుక్కుకున్నాడని తరవాత తెలిసింది.) విశ్వాసంలో చాలా ఎదిగానని అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

కానీ పులుసు మాట్లాడదు కదా. వానలు పట్టేసరికి ఆ ఒంటరితనం భరించలేక రాజీనామా రాసి డైరీలో పెట్టుకున్నాను. ఆ శనివారం మోకాళ్ల మీద ఏడ్చేశాను. "ప్రభువా, ఇక్కడ నాతో తెలుగులో ఒక్క మాట మాట్లాడే మనిషి లేడు. సోమవారం బండికి వెళ్లిపోతాను. వద్దంటే నువ్వే చెప్పు."

పైనుంచి గొంతు వినపడింది. "పోకుండ్రి సారూ."

సాష్టాంగపడ్డాను. పడ్డాక అనుమానం వచ్చింది, దేవుడు నన్ను సారూ అంటాడా అని. తలెత్తి చూస్తే, మా రెండు క్వార్టర్ల మధ్య కప్పు దాకా కట్టని గోడ మీద పాయింట్స్‌మన్ తలకాయ. తెలంగాణ సరిహద్దు పక్కనున్న తర్లగూడ మనిషట. ఇంట్లో మాట్లాడేది తెలుగేనట. మరి ఇన్నాళ్లూ హిందీ ఎందుకయ్యా అని అడిగాను.

"మీరు హిందీల అడిగిండ్రు, నేను హిందీల చెప్పిన. మీరు దేవునితోని మాట్లాడుతుంటే నడుమ నేనేంది? గని పోతనంటే ఊకుంటనా?"

రాజీనామా ఆ పూటే అతని పొయ్యిలోకి పోయింది, దాని మీదే ఇద్దరికీ టీ కాగింది. గదికొచ్చి, డైరీలో 'జవాబు వచ్చింది' అని రాసిన వాక్యాలన్నీ కొట్టేద్దామని కలం తీశాను. ఎందుకో ఒక్కటీ కొట్టలేకపోయాను.

ఇప్పుడు రిటైరై జగదల్‌పుర్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. అతనూ లేడు, నా భార్యా లేదు. ఐదింటి ప్రార్థన మాత్రం ఇప్పటికీ నోరు విప్పే చేస్తాను. ఈ ఇంటి గోడలు శ్లాబు దాకా ఉన్నాయి. అయినా ఆమేన్ అన్నాక కాసేపు చెవి ఒగ్గి కూర్చుంటాను, నాకు నేనే నవ్వుకుంటూ. తర్లగూడ యాస వినపడితే, ఈసారి తలెత్తి చూడను.